జడ్జిలు చాలని ఫెడరల్ కోర్టులో పౌరసత్వం కేసు: నా అనుభవం

అమెరికా పౌరసత్వ దరఖాస్తు (ఎన్-400) ఇంటర్వ్యూ అయిపోయి, ఇంగ్లీషు, సివిక్స్ పరీక్షలు పాసై, ఆ తర్వాత ఇమ్మిగ్రేషన్ ఆఫీసు నుంచి ఉలుకూ పలుకూ లేకుండా 120 రోజులు దాటిపోతే ఫెడరల్ జిల్లా కోర్టుకు వెళ్ళే హక్కు అమెరికా చట్టంలోనే ఉంది. యూఎస్ కోడ్ 8వ టైటిల్, సెక్షన్ 1447(బి). లాయరును పెట్టుకోకుండా నేను ఆ దారిలో వెళ్ళాను. మాది కేసులు పేరుకుపోయి, ఉన్న జడ్జిలు చాలని జిల్లా. ఇక్కడ జిల్లా అంటే మన కలెక్టరు జిల్లా లాంటిది కాదు. దేశం మొత్తాన్ని 94 ఫెడరల్ జిల్లాలుగా విడగొట్టారు, ఒక్కో దాంట్లో పదుల కౌంటీలు ఉండొచ్చు.

ఈ పనికి దిగేవాళ్ళు మొదట మనసులో పెట్టుకోవాల్సింది ఒకటుంది. కోర్టు రూల్సులో కనిపించే గడువులన్నీ కక్షిదారులకే. మీరు ఇన్ని రోజుల్లో నోటీసులు అందించాలి, ప్రభుత్వం ఇన్ని రోజుల్లో జవాబు ఇవ్వాలి అని ఉంటుంది. జడ్జి ఇన్ని రోజుల్లో తేల్చాలన్న గడువు ఇలాంటి కేసులో లేదు. కాబట్టి జడ్జి అవసరం ఎంత తక్కువ పడితే అంత త్వరగా తేలేలా కేసును మొదటి కాగితం నుంచే కట్టుకోవాలి. కింద రాసినదంతా ఆ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది.

కాగితాలు మొదలుపెట్టకముందే మీ జిల్లా పరిస్థితి చూసుకోండి. ఫెడరల్ కోర్టుల అధికారిక సైటులో ప్రతి మూడు నెలలకూ ఒక్కో జిల్లాకు ఒక పేజీ లెక్కలు పెడతారు. అందులో నాలుగు చూస్తే చాలు: ఒక్కో జడ్జికి కొత్తగా వచ్చిన కేసులు, బరువు కట్టిన కేసుల సంఖ్య, జడ్జి సీట్లు ఖాళీగా ఉన్న నెలలు, మూడేళ్ళు దాటిన సివిల్ కేసుల శాతం. బరువు కట్టడం ఎందుకంటే అన్ని కేసులూ ఒకటి కావు. విద్యార్థి రుణం వసూలు కేసుకూ, మూడు వారాలు ట్రయల్ నడిచే పేటెంట్ కేసుకూ జడ్జి పెట్టే సమయంలో పోలికే లేదు. బరువు కట్టాక ఒక్కో సీటుకు 430 దాటితే కొత్త సీట్ల అవసరం పరిశీలించాలని ఫెడరల్ జడ్జిల విధాన మండలి, అంటే జ్యుడిషియల్ కాన్ఫరెన్స్, ఒక గీత పెట్టుకుంది. మీ జిల్లా అంకె ఆ గీతకు బాగా పైన ఉంటే, వాదనకు దిగి గెలుద్దామనే ఆలోచన పక్కన పెట్టి, రాజీ పత్రంతో తేల్చుకునే దారి చూసుకోండి.

ఇప్పుడు 120 రోజుల లెక్క. ఇంటర్వ్యూ రోజు చేతికిచ్చే ఎన్-652 కాగితం మీద తేదీ ఉంటుంది. చాలా కోర్టులు ఆ మొదటి ఇంటర్వ్యూ తేదీ నుంచే లెక్కిస్తాయి. మళ్ళీ పిలిచి రెండో ఇంటర్వ్యూ చేసినా, అదనపు కాగితాలు అడిగినా గడియారం మళ్ళీ మొదలుకాదు. 119వ రోజున వేస్తే కొట్టేస్తారు. 121వ రోజు, ఆ తర్వాత ఎప్పుడైనా వేయొచ్చు. వేసే రోజు పొద్దున ఆన్‌లైన్ ఖాతాలో స్టేటస్ చూసుకోవడం తప్పనిసరి. కేసు దాఖలు కాకముందే ఆఫీసు తిరస్కరించి ఉంటే 1447(బి) పనిచేయదు. అప్పుడు తిరస్కరణ మీద మళ్ళీ విచారణ కోరే ఎన్-336 ఫారం వేసి, ఆ తర్వాతే 1421(సి) కింద కోర్టుకు రావాలి. ఇంటర్వ్యూయే ఇంకా జరగకపోయినా ఈ సెక్షన్ వర్తించదు. అది మామూలు మాండమస్ కేసు, అంటే ఆఫీసు తన పని చేసేలా ఆదేశించమని కోర్టును అడిగే కేసు, అవుతుంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఆలోపు చేయాల్సిన చిన్న పనులు ఉన్నాయి: ఆన్‌లైన్‌లో విచారణ పెట్టడం, మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు ప్రైవసీ ఫారం మీద సంతకం చేసి పంపడం, హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ అంబుడ్స్‌మన్‌కు ఫారం 7001 వేయడం. ఇవి చేయకపోతే కేసు చెల్లదని కాదు. కానీ ప్రతిదానికీ వచ్చే 'మీ కేసు పరిశీలనలో ఉంది' అన్న జవాబు ఎగ్జిబిట్‌గా, అంటే కేసుకు జతచేసే సాక్ష్య పత్రంగా, పనికొస్తుంది. ప్రభుత్వం లాయరు ఫైలు తెరిచినప్పుడు మొదట చదివేది వాటినే.

కంప్లెయింట్, అంటే దావా పత్రం, ఎనిమిది నుంచి పన్నెండు పేజీలు ఉంటే చాలు. అధికార పరిధి, వెన్యూ (ఈ జిల్లా కోర్టులోనే ఎందుకు వేస్తున్నారో), కక్షిదారులు, తేదీల వారీగా జరిగింది, చట్టం ఏమంటోంది, ఏం కోరుతున్నారు. పేరాలకు వరుస నంబర్లు ఉండాలి, ఒక పేరాలో ఒక విషయమే ఉండాలి. ప్రభుత్వం జవాబు రాసేటప్పుడు ఒక్కో నంబరుకూ ఒప్పుకుంటున్నామనో, కాదంటున్నామనో చెప్పాలి గనుక, ఒకే పేరాలో నాలుగు సంగతులు కలిపితే మొత్తాన్ని కాదనేస్తారు. కోపం, బాధ ఏమున్నా ఇందులో పెట్టొద్దు. తేదీలు వాటంతట అవే మాట్లాడతాయి. కోరికలో రెండు ముక్కలు ఉండాలి: కోర్టే దరఖాస్తును తేల్చాలి, లేదా గడువు పెట్టి ఆఫీసుకు తిప్పి పంపాలి. చట్టం జడ్జికి ఇచ్చిన దారులు ఆ రెండే.

ప్రతివాదులుగా స్థానిక ఫీల్డ్ ఆఫీసు డైరెక్టరు, ఇమ్మిగ్రేషన్ ఏజెన్సీ డైరెక్టరు, హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ సెక్రటరీ, ముగ్గురూ అధికార హోదాలో. కేసు నడుస్తుండగా డైరెక్టరు మారిపోతే కంగారు పడక్కర్లేదు; ఫెడరల్ సివిల్ కేసుల రూల్సులో రూల్ 25(డి) ప్రకారం కొత్తవారి పేరు దానంతట అదే వచ్చి చేరుతుంది.

మనవాళ్ళకు పేర్ల దగ్గర తిప్పలు ఎక్కువ. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, సర్టిఫికెట్లలో ఇనీషియల్ ఒకచోట, వీసాలో వెంకట ముందు, రావు వెనక. కంప్లెయింట్ పైన ఎన్-400లో ఉన్న పేరే అక్షరం తప్పకుండా వేయండి, మిగతా రూపాలు 'అలియాస్' అని లోపలి పేరాలో రాయండి. రూల్ 5.2 ప్రకారం సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగు అంకెలు, పుట్టిన తేదీలో సంవత్సరం మాత్రమే ఉండాలి. ఎగ్జిబిట్లలో కూడా నల్లగా కొట్టేయాలి. కంప్లెయింట్‌లో జాగ్రత్తపడి, వెనక జతచేసిన కాగితాల్లో పుట్టిన తేదీ అలాగే వదిలేసేవాళ్ళు చాలామంది. ఇమ్మిగ్రేషన్ కేసుల కాగితాలు బయటివాళ్ళు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చదవలేరు, ఆ రక్షణ ఉంది. కానీ డాకెట్, అంటే కేసులో ఏ రోజు ఏం దాఖలైందో చూపే జాబితా, జడ్జి ఉత్తర్వులు అందరికీ కనిపిస్తాయి.

దీనితోపాటు జేఎస్ 44 కవర్ షీట్, ఒక్కో ప్రతివాదికి ఒక్కో ఏఓ 440 సమన్లు. కవర్ షీటులో కేసు రకం కోడ్ 462 పౌరసత్వ దరఖాస్తుకు, 465 మిగతా ఇమ్మిగ్రేషన్ కేసులకు. ఫీజు 405 డాలర్లు: 350 చట్టం పెట్టింది, 55 అడ్మినిస్ట్రేటివ్ ఫీజు. ఫీజు మాఫీ కోరే సదుపాయం ఉంది గానీ, కట్టగలిగినవాళ్ళు కట్టేయడమే మేలు. మాఫీ అడిగితే కంప్లెయింట్‌ను ముందు కోర్టే చదివి, నిలబడుతుందో లేదో తేల్చాలి. ఆ పరిశీలన అయ్యేదాకా సమన్లు బయటికి రావు. జడ్జిల కొరత ఉన్న చోట ఆ ఒక్క మెట్టు మీదే నెలలు కూర్చోవలసి వస్తుంది. ఫీజు కడితే గుమాస్తా సీలు వేసి సమన్లు ఇచ్చేస్తాడు, అక్కడ జడ్జి ప్రసక్తే లేదు.

కేసు నంబరు చేతికి రాగానే చివర ఉన్న అక్షరాలు చూడండి. మొదటి అంకె ఏ ఊరి డివిజనో చెప్తుంది, తర్వాత సంవత్సరం, సివిల్ అని సూచించే 'సీవీ', ఐదు అంకెల నంబరు, ఆ తర్వాత జిల్లా జడ్జి ఇనీషియల్స్, చివర మెజిస్ట్రేట్ జడ్జి ఇనీషియల్స్. కాలిఫోర్నియా తూర్పు జిల్లాలో, ఫ్రెస్నో డివిజన్ కేసులకు 2020లో జిల్లా జడ్జి ఇనీషియల్స్ ఉండాల్సిన చోట 'నన్' అని పడేది. ఎవరూ లేరని అర్థం. ఒక మనిషి ఆస్తి, ఉద్యోగం, పౌరసత్వం ఆధారపడ్డ కేసు మీద జడ్జి పేరు ఉండాల్సిన చోట ఆ మాట చూడటం ఎంత అన్యాయమో వేరే చెప్పక్కర్లేదు.

ఆ జిల్లా సంగతి పబ్లిక్ రికార్డులో వివరంగా ఉంది. 34 కౌంటీలు, 80 లక్షలకు పైగా జనం. జిల్లా జడ్జి సీట్లు ఆరు. 1978 నుంచీ అదే ఆరు. 1990లో ఒక తాత్కాలిక సీటు ఇచ్చారు, తర్వాత అదీ రద్దయింది. తాత్కాలిక సీటు అంటే, పెట్టిన గడువు తర్వాత ఆ జిల్లాలో మొదట ఏ ఖాళీ వచ్చినా దాన్ని నింపరు. 2020 ఫిబ్రవరిలో ఫ్రెస్నోలో పూర్తికాలం జిల్లా జడ్జిగా ఒక్కరే, డేల్ డ్రోజ్డ్, మిగిలారు. తన ముందున్న సివిల్ కేసుల షెడ్యూలులో ట్రయల్ తేదీ వేయబోనని, మోషన్ల మీద, అంటే కేసు నడుస్తుండగా వేసే అర్జీల మీద, హియరింగ్ పెట్టకుండా కాగితాలు చూసే తేలుస్తానని ఆయన ఉత్తర్వు ఇచ్చారు. ఆయన చేతిలో వేరే దారి లేదు. క్రిమినల్ కేసులకు 1974 నాటి స్పీడీ ట్రయల్ చట్టం ఉంది: అరెస్టు నుంచి 30 రోజుల్లో అభియోగం, ఆ తర్వాత 70 రోజుల్లో ట్రయల్, కొన్ని మినహాయింపులతో. నిందితుడు జైల్లో ఉంటాడు, కాబట్టి అది సరైనదే. కానీ జడ్జిలు చాలనప్పుడు ఆ 70 రోజులూ సివిల్ వరుసలో ఉన్నవాళ్ళ దగ్గర నుంచే తీసుకుంటారు.

సమన్లు పంపడం ఈ ప్రక్రియలో ఎక్కువమంది తడబడే చోటు. రూల్ 4(ఐ) ప్రకారం మూడు చోట్లకు వెళ్ళాలి: మీ జిల్లాలో ప్రభుత్వం తరఫు లాయరైన యూఎస్ అటార్నీ ఆఫీసులోని సివిల్ ప్రాసెస్ క్లర్కుకు, వాషింగ్టన్‌లో అటార్నీ జనరల్‌కు, ఒక్కో ప్రతివాదికి. ముగ్గురు ప్రతివాదులైతే మొత్తం ఐదు కవర్లు. అన్నీ సర్టిఫైడ్ లేదా రిజిస్టర్డ్ పోస్టులోనే. ఫెడెక్స్, యూపీఎస్ పనికిరావు. మరో సంగతి: కేసు వేసినవాళ్ళు తామే సమన్లు అందించకూడదు. పద్దెనిమిదేళ్ళు దాటిన, కేసులో లేని మనిషి ఎవరైనా అందించాలి. పోస్టు చేయడం కూడా అందులోకే వస్తుందని చాలా కోర్టులు పట్టుబడతాయి. అందుకని స్నేహితులెవరినైనా పోస్టాఫీసుకు పంపి, కౌంటరు దగ్గర రసీదులు తీసుకోమని, సమన్లు రెండో పేజీలో వాళ్ళ చేతే సంతకం పెట్టించండి. ఆకుపచ్చ రసీదు కార్డులు వాషింగ్టన్ నుంచి చాలా ఆలస్యంగా వస్తాయి, ఎందుకంటే ఫెడరల్ ఆఫీసులకు వెళ్ళే ఉత్తరాలు భద్రతా తనిఖీ దాటాలి. కొన్నిసార్లు అసలు రావు. పోస్టల్ సర్వీస్ ట్రాకింగ్ పేజీలో 'డెలివర్డ్' అని పడిన రోజే ప్రింటు తీసి పెట్టుకోండి. కొన్నాళ్ళకు ఆ పేజీ మాయమైపోతుంది.

ప్రభుత్వానికి జవాబు గడువు 60 రోజులు. అది యూఎస్ అటార్నీకి అందిన రోజు నుంచి మొదలవుతుంది, మిగతావాళ్ళకు అందిన రోజుతో పనిలేదు. కాబట్టి ఆ కవరు ముందు పంపండి. అందరికీ సమన్లు అందించడానికి మొత్తం 90 రోజులు ఉంటాయి గానీ, మొదటి వారంలోనే ముగించడం మేలు. 60 రోజులు దాటినా జవాబు రాకపోతే ఏకపక్ష తీర్పు అడగొచ్చని అనుకోవద్దు. ప్రభుత్వం మీద ఏకపక్ష తీర్పు ఇవ్వాలంటే రూల్ 55(డి) ప్రకారం సాక్ష్యం చూసి, సంతృప్తి చెంది మరీ ఇవ్వాలి. మళ్ళీ జడ్జి బల్ల దగ్గరికే వెళ్తుంది. దానికన్నా అసిస్టెంట్ యూఎస్ అటార్నీకి మర్యాదగా ఒక ఈమెయిలు పంపితే పని ముందుకెళ్తుంది.

కేసు వేసిన కొత్తలోనే క్లర్కు ఇంకో కాగితం పంపుతాడు: మెజిస్ట్రేట్ జడ్జి ముందు నడిపించుకోవడానికి సమ్మతి ఇస్తారా, నిరాకరిస్తారా. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. జిల్లా జడ్జిని అమెరికా అధ్యక్షుడు ప్రతిపాదించి సెనేట్ ఆమోదించాలి, పదవి జీవితకాలం. మెజిస్ట్రేట్ జడ్జిని ఆ కోర్టు జడ్జిలే ఎనిమిదేళ్ళకు నియమించుకుంటారు. ఇరుపక్షాలూ సమ్మతిస్తే యూఎస్ కోడ్ 28వ టైటిల్, సెక్షన్ 636(సి) కింద మెజిస్ట్రేట్ జడ్జే తుది తీర్పు దాకా అన్నీ చేయగలరు. దాని మీద అప్పీలు నేరుగా సర్క్యూట్ కోర్టుకు, అంటే ఫెడరల్ అప్పీలు కోర్టుకు. సమ్మతి లేకపోతే ముఖ్యమైన మోషన్ల మీద ఆయన సిఫార్సు మాత్రమే రాస్తారు, 14 రోజులు అభ్యంతరాలకు ఇస్తారు, ఆ తర్వాత ఫైలు జిల్లా జడ్జి వరుసలో చేరుతుంది. అక్కడ జిల్లా జడ్జి స్థానమే ఖాళీగా ఉంటే ఆ వరుస ఎప్పటికి కదులుతుందో ఎవరూ చెప్పలేరు. నిరాకరించే హక్కు మీకు పూర్తిగా ఉంది, దానివల్ల నష్టం చేయరు. అందరూ ఒప్పుకుంటే తప్ప ఎవరు ఏమన్నారో జడ్జికి తెలియనివ్వరు కూడా. నేనైతే వెంటనే సమ్మతి ఇచ్చాను. ప్రభుత్వం తరఫూ ఒప్పుకుంది. మా జిల్లా లాంటి చోట తేడా పడింది అక్కడే.

ఆ 60 రోజుల్లోపే ప్రభుత్వం లాయరు నుంచి ఫోనో ఈమెయిలో రావడం మామూలు. 1447(బి)లో ఒక మెలిక ఉంది. కేసు పడ్డాక దరఖాస్తు మీద అధికారం కోర్టుదే, ఆఫీసు సొంతంగా నిర్ణయించడానికి వీల్లేదు అని తొమ్మిదో సర్క్యూట్ 2004లో హోవ్‌సెపియన్ కేసులో, నాలుగో సర్క్యూట్ 2007లో ఎటాపె కేసులో చెప్పాయి. అంటే ఆఫీసు మంజూరు చేద్దామనుకున్నా కోర్టు తిప్పి పంపాలి. అందుకే ఇద్దరూ కలిసి ఒక స్టిప్యులేషన్, అంటే రాజీ పత్రం, వేస్తారు. దాని మీద సంతకమే జడ్జి చేయాల్సిన పని. వాదన వినక్కర్లేదు, తీర్పు రాయక్కర్లేదు. ఒక పేజీ ఉత్తర్వు ముసాయిదా మీరే జతచేసి, వర్డ్ కాపీ చాంబర్స్ (జడ్జి ఆఫీసు) ఈమెయిలుకు పంపితే, కుప్పలుగా కేసులున్న జడ్జి కూడా దాన్ని త్వరగానే సంతకం చేయగలరు.

ఆ ఒక్క పేజీలో మాటలు జాగ్రత్తగా చూసుకోవాలి. 'ఆఫీసు త్వరగా పరిశీలిస్తుంది' అన్న వాక్యానికి విలువ లేదు. 'ఉత్తర్వు వెలువడిన 30 రోజుల్లోగా నిర్ణయిస్తుంది' అని అంకెతో ఉండాలి. 'పరిశీలిస్తుంది', 'ప్రాసెస్ చేస్తుంది' కాదు, 'నిర్ణయిస్తుంది'. మంజూరైతే ప్రమాణ స్వీకారానికి కూడా ఇన్ని రోజుల్లోగా అని గడువు అడగండి. నిర్ణయం అయ్యాక ప్రమాణానికి నెలల తరబడి కూర్చోబెట్టిన సందర్భాలు ఉన్నాయి. గడువు తప్పితే కేసు అదే నంబరు మీద మళ్ళీ తెరుచుకునేలా కోర్టు అధికారం నిలిచి ఉంటుందని ఒక వాక్యం పెట్టించండి. ప్రభుత్వం మొదటి ముసాయిదాలో ఇది సాధారణంగా ఉండదు. అడిగితే చాలావరకు ఒప్పుకుంటారు, ఎందుకంటే వాళ్ళకూ ఆ ఫైలు మూసేయడమే కావాలి.

అందరికీ ఇంత సాఫీగా జరగదు. మన వాట్సాప్ గ్రూపుల్లో 'మాండమస్ వేస్తే రెండు నెలల్లో గ్రీన్‌కార్డు' అనే మాట తిరుగుతుంటుంది. గ్రీన్‌కార్డు దరఖాస్తు (ఐ-485) ఆలస్యం కేసులో 120 రోజుల లాంటి స్పష్టమైన గీత లేదు. 'అసమంజసమైన ఆలస్యం' అని నిరూపించాలి. దానికి 1984 నాటి డీసీ సర్క్యూట్ కేసులోని ఆరు ప్రమాణాలను, ట్రాక్ ఫ్యాక్టర్స్ అంటారు, జడ్జి బేరీజు వేయాలి. ప్రభుత్వం కేసు కొట్టేయమని మోషన్ వేస్తుంది, మీరు జవాబిస్తారు, వాళ్ళు తిరుగు జవాబిస్తారు, ఇక ఫైలు జడ్జి కోసం ఆగిపోతుంది. మా ఎరుకలో ఉన్న ఇలాంటి కేసులు సరిగ్గా ఇక్కడే ఇరుక్కున్నాయి. ఇంకా ముఖ్యమైనది: ప్రయారిటీ డేటు, అంటే వరుసలో తమ వంతు, రాని ఇండియా ఈబీ-2, ఈబీ-3 (ఉద్యోగం ఆధారంగా ఇచ్చే గ్రీన్‌కార్డు) దరఖాస్తులకు వీసా నంబరు సృష్టించడం ఏ కోర్టు వల్లా కాదు. దేశానికి ఏడు శాతం పరిమితి కాంగ్రెస్ పెట్టింది. దాన్ని కాంగ్రెస్సే మార్చాలి. ఆ పరిస్థితిలో 405 డాలర్లు కట్టి వేసే కేసు కొట్టివేతకే వెళ్తుంది.

మోషన్ ఇరుక్కుంటే చాంబర్స్‌కు ఫోన్లు చేయొద్దు, అది పనిచేయదు. పనిచేసేది క్యాలెండరు. 1990 నాటి సివిల్ జస్టిస్ రిఫార్మ్ చట్టం ప్రకారం ఆరు నెలలు దాటిన మోషన్లను, మూడేళ్ళు దాటిన కేసులను ఒక్కో జడ్జి పేరుతో సహా ఏడాదికి రెండుసార్లు ప్రచురిస్తారు: మార్చి 31, సెప్టెంబరు 30. మోషన్ వేసిన 30 రోజుల తర్వాత నుంచి ఆరు నెలల లెక్క మొదలు. తన పేరు పక్కన పెండింగు కనిపించడం ఏ జడ్జికీ ఇష్టం ఉండదు, అందుకే మార్చి, సెప్టెంబరు నెలల ఆఖరి వారాల్లో ఉత్తర్వులు వరుసగా వస్తుంటాయి. మోషన్ ఆగస్టు ఆఖరులోపు దాఖలైతే మార్చి జాబితాకు లెక్కలోకి వస్తుంది; సెప్టెంబరుకు జారితే ఇంకో ఆరు నెలలు వెనక్కి పడుతుంది. గడువు పొడిగింపుకు ఒప్పుకునే ముందు ఈ తేదీలు లెక్కేసుకోండి.

జడ్జిలను పెంచితే సరిపోతుంది కదా, ఎందుకు పెంచరని ఇండియాలో ఉన్న బంధువులు అడుగుతుంటారు. 2021లో తెలంగాణ హైకోర్టు జడ్జిల సంఖ్యను 24 నుంచి 42కు పెంచినప్పుడు పార్లమెంటులో బిల్లు అవసరం రాలేదు. అమెరికాలో ఒక్క జిల్లా జడ్జి సీటు పెంచాలన్నా కాంగ్రెస్ చట్టం చేయాలి. పెద్దఎత్తున చేసింది చివరిసారిగా 1990లో: 74 జిల్లా సీట్లు, 11 అప్పీలు సీట్లు. ఆ తర్వాత అక్కడొకటి ఇక్కడొకటి, 2003 తర్వాత అదీ లేదు. దేశం మొత్తానికి జిల్లా జడ్జి సీట్లు 677. మూడేళ్ళు దాటిన సివిల్ కేసులు 2024 మార్చి నాటికి 81,617. ఇరవై ఏళ్ళ కిందట 18,280. అందులో పెద్ద భాగం ఒకే చోట కలిపి నడిపే సామూహిక కేసులే అయినా, వేచి ఉన్నది మనుషులే.

దీనికోసమే జడ్జెస్ యాక్ట్ అనే బిల్లు వచ్చింది. డెలవేర్ డెమోక్రాట్ క్రిస్ కూన్స్, ఇండియానా రిపబ్లికన్ టాడ్ యంగ్ కలిసి సెనేట్‌లో పెట్టారు. 63 శాశ్వత సీట్లు, 3 తాత్కాలిక సీట్లు. శాశ్వత సీట్లను ఒకేసారి ఇవ్వకుండా 2025 నుంచి 2035 దాకా రెండేళ్ళకోసారి ఆరు విడతలుగా విడగొట్టారు, ఏ ఒక్క అధ్యక్షుడికీ మొత్తం నియామకాలు దక్కకుండా. ఎవరు గెలుస్తారో తెలియకముందే ఆమోదించాలన్నది దాని ప్రాణం. సెనేట్ 2024 ఆగస్టు 1న ఏకగ్రీవంగా ఆమోదించింది. ప్రతినిధుల సభ నవంబరు ఎన్నికలు అయ్యేదాకా కదపలేదు. డిసెంబరు 12న 236–173 ఓట్లతో ఆమోదించేసరికి మొదటి విడత ఎవరికి దక్కుతుందో అందరికీ తెలుసు. డిసెంబరు 23న బైడెన్ వీటో చేశారు. సీట్ల పంపకం మీద సభ తొందరపడిందని, సీనియర్ హోదా జడ్జిలు, మెజిస్ట్రేట్ జడ్జిలు చేస్తున్న పనిని సరిగా లెక్కలోకి తీసుకోలేదని, ఉన్న ఖాళీలనే కొందరు సెనేటర్లు నింపనివ్వలేదని ఆయన కారణాలు చెప్పారు. వీటోను దాటడానికి మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి, 236 చాలవు. బిల్లును 2025లో మళ్ళీ ప్రవేశపెట్టారు.

ఆ కారణాల్లో కొంత నిజం ఉంది. సీనియర్ జడ్జిలు, అంటే 65 ఏళ్ళు నిండి, వయసూ సర్వీసూ కలిపి 80 అయ్యాక పూర్తి జీతంతో పని తగ్గించుకోగలిగినవాళ్ళు, ఈ కోర్టులను ఎన్నో ఏళ్ళుగా మోస్తున్నారు. నా కేసు మెజిస్ట్రేట్ జడ్జి దగ్గరే తేలింది. కానీ సీనియర్ జడ్జి రేపు పని మానేస్తానంటే ఆపే అధికారం ఎవరికీ లేదు. సమ్మతి లేనిదే మెజిస్ట్రేట్ తీర్పు ఇవ్వలేరు. వీళ్ళ మీద ఆధారపడి సీట్ల అవసరం లేదనడం నాకు ఒప్పు అనిపించదు. ఎన్నికలకు ముందే ఓటింగు పెట్టకపోవడం అంతకన్నా పెద్ద తప్పు. ఇరుపక్షాలూ ఒప్పుకున్న మంచి బిల్లు ఆ మూడు నెలల ఆలస్యంతో చెడిపోయింది. పైగా సీటు వచ్చినంత మాత్రాన మనిషి రాడు. ఎఫ్‌బీఐ విచారణ, ఆ రాష్ట్ర సెనేటర్లు ఇద్దరూ సమ్మతి తెలిపే నీలి చీటీలు, కమిటీ, సెనేట్ ఓటు, అన్నీ దాటాలి.

చివరి కాగితం తేలికైనదే. దరఖాస్తు మంజూరై, ప్రమాణం చేసి, సర్టిఫికెట్ చేతికొచ్చాకే కేసు ఉపసంహరించుకోండి, ఒక్కరోజు ముందు కూడా వద్దు. ప్రభుత్వం అప్పటికి జవాబు దాఖలు చేయకపోతే రూల్ 41 కింద మీరొక్కరే నోటీసు వేస్తే చాలు. చేసి ఉంటే ఇద్దరి సంతకాలతో వేయాలి. రెండింటికీ జడ్జి ఉత్తర్వు అక్కర్లేదు. గుమాస్తా డాకెట్‌లో ఎక్కించి కేసు మూసేస్తాడు. సర్టిఫికెట్ మీద పేరు, పుట్టిన తేదీ అక్కడే, కౌంటరు దగ్గరే సరిచూసుకోండి. తప్పు తర్వాత దిద్దించాలంటే ఎన్-565 వేసి మళ్ళీ ఇంకో వరుసలో నిలబడాలి.